పోలో గుర్రం ఎడమ ముంగాలు

ఒక పోలో గుర్రానికి కాళ్ళకు నాలుగు పట్టీలు, తోకకు ఒకటి. ఆట రోజున పదహారు గుర్రాలు దిగితే ఎనభై పట్టీలు. ఆట అయిపోయాక అవన్నీ చెమటతో, ఇసుకతో, వెంట్రుకలతో ఉండలు చుట్టుకుపోయి ఒక ప్లాస్టిక్ తొట్టిలో నా దగ్గరికి వచ్చేవి. ముందు దులపాలి. తర్వాత చల్లటి నీళ్ళలో నానబెట్టాలి. వేడినీళ్ళు పోస్తే నూలు ముడుచుకుపోతుంది. ఉతికి తీగల మీద పొడుగ్గా ఆరేయాలి. ఆరాక చుట్టాలి. చుట్టడానికి ఒక పద్ధతి ఉంది. కట్టుతాడు ఉన్న కొస లోపలికి పోయేలా చుట్టాలి. అప్పుడు గుర్రాన్ని చూసుకునే సాయీసు దాని కాలికి పట్టీ చుట్టుకుంటూ వచ్చేసరికి తాడు సరిగ్గా చివర్లో చేతికి అందుతుంది. అటుదిటు చుడితే తాడు మొదట్లోనే బయటపడుతుంది, మళ్ళీ అంతా విప్పుకోవాలి. ఈ ఒక్క పని చేతికి రావడానికి నాకు నెల పట్టింది.

ఆ పోలో క్లబ్బు ఒమాన్‌లో సీబ్ ఊరు దాటాక, అల్ ఖౌద్ వైపు తిరిగే రోడ్డుకు కొంచెం లోపలగా ఉండేది. నేను అక్కడి పనికని ఒమాన్ రాలేదు. ఇంటాయన పోయిన రెండేళ్ళకు, పిల్లలిద్దరినీ అమ్మ దగ్గర వదిలి, కడప జిల్లా నుంచి ఇంటిపని వీసా మీద వచ్చాను. నన్ను తెచ్చుకున్న ఒమానీ ఇంటి పెద్దాయనకు గుర్రాలంటే ఇష్టం. క్లబ్బులో ఆయన గుర్రాలు రెండు ఉండేవి. వాళ్ళ పిల్లలు పెద్దయ్యాక ఇంట్లో నాకు పని తగ్గింది. వెనక్కి పంపేస్తారనుకున్నాను. పంపలేదు, క్లబ్బులో బట్టలుతికే పనికి మార్చారు. ఆటగాళ్ళ తెల్ల ప్యాంట్లు, జీను కింద వేసే మెత్తలు, పట్టీలు, టీ బల్లల మీద పరిచే గుడ్డలు, అన్నీ నావే. మనుషుల బట్టలకు ఒక తొట్టి, గుర్రాల బట్టలకు ఒక తొట్టి. నడుం నొప్పి రెండింటికీ ఒకటే.

పోలో అంటే ఏమిటో నాకు తెలియదు. మొదటిసారి చూసినప్పుడు ఎనిమిది మంది పొడుగు కర్రలు పట్టుకుని గుర్రాల మీద దేన్నో తరుముతున్నట్టు కనిపించింది. తరుముతున్నది పిడికిలంత తెల్ల బంతి. బంతి అటు పోతే అందరూ అటు, ఇటు వస్తే అందరూ ఇటు. ఉతికిన ప్యాంట్లు మళ్ళీ మట్టి కొట్టుకుపోతుంటే చూస్తూ నిలబడ్డాను.

ఆట గురించి చెప్పింది చాచా. క్లబ్బులో సాయీసులందరికీ పెద్ద ఆయనే. హైదరాబాదు మనిషి, అరవైకి దగ్గరపడ్డాడు. వాళ్ళ తాతా తండ్రీ గోల్కొండ వైపు ఫౌజు గుర్రాలను చూసినవాళ్ళు. తెలుగు బాగానే మాట్లాడేవాడు, మధ్యమధ్యలో వాళ్ళ ఇంటి మాటలు పడేవి.

ఒకరోజు పట్టీలు ఇస్తూ, "ఎవరు ఆడతాండారో, ఎవరు గెలుస్తాండారో నాకేమీ తెలీకుండాది చాచా," అన్నాను.

"ఆడేది గుర్రం. పైన కూసున్నాయన కర్ర మోసెటోడు. ఫోటో మాత్రం ఆయనకే తీస్తరు," అన్నాడు. "ఈ మాట బయట నక్కో చెప్పు." నక్కో అంటే వాళ్ళ మాటల్లో వద్దని.

అటు నలుగురు, ఇటు నలుగురు. ఏడు నిమిషాలకు ఒకసారి గంట కొడతారు. గంట కొట్టగానే ఆటగాడు గుర్రం దిగి ఇంకో గుర్రం ఎక్కుతాడు, ఎందుకంటే ఆ ఏడు నిమిషాలకే గుర్రానికి ఊపిరి అందదు. దిగిన గుర్రాన్ని సాయీసు నడిపిస్తూ చల్లారుస్తాడు. కర్ర కుడిచేత్తోనే పట్టుకోవాలి. బంతి పోతున్న దారి ఒక రోడ్డు లాంటిది, దానికి అడ్డంగా ఎవరూ గుర్రాన్ని తీసుకురాకూడదు. పక్కనుంచి వచ్చి భుజంతో నెట్టుకోవచ్చు. తోక ముడివేసి పట్టీ కట్టేది కర్రకు చిక్కుకోకుండా. జూలు నున్నగా గొరిగేది పగ్గాలకు అడ్డం రాకుండా. కాళ్ళకు పట్టీలు ఎందుకంటే కర్ర తగిలినా, పక్క గుర్రం గిట్ట తగిలినా కాలి వెనక నరం దెబ్బతినకుండా. గుర్రానికి ఆ నరమే బతుకు అనేవాడు చాచా.

క్లబ్బు పుట్టుక కూడా ఆయన నోటనే విన్నాను. చాచా వచ్చిన కొత్తలో క్లబ్బు లేదు, షెడ్డూ లేదు. సముద్రం ఒడ్డున వాన నీళ్ళు నిలిచి ఆరిపోయిన గట్టి నేల ఒకటి ఉండేదట. ఫౌజులో పనిచేసే ఇంగ్లీషు దొరలు కొందరు, గుర్రాలున్న ఒమానీలు కొందరు శుక్రవారం సాయంత్రాలు అక్కడ ఆడేవాళ్ళు. సాయీసులంతా వరసకట్టి నడుస్తూ రాళ్ళేరితే గాని ఆట మొదలయ్యేది కాదు. గోలు కర్రల బదులు ఖర్జూరం మొద్దులు. పందేల్లో పరిగెత్తి ముసలివైపోయినవే గుర్రాలు. గుర్రపు స్వారీలో పుట్టి పెరిగిన పెద్ద ఒమానీలు వచ్చి చూసి, నిండుగా పరిగెత్తే జంతువును ఇలా అడుగడుక్కీ ఆపి తిప్పడమేమిటని నొచ్చుకున్నారట. తర్వాత ఈ స్థలం దొరికింది. దొరలకు గడ్డి మైదానం కావాలనిపించి గడ్డి నాటించారు. బావి నీళ్ళు ఉప్పు. ఒక్క ఎండాకాలానికే గడ్డి మాడిపోయింది. మళ్ళీ నాటించారు, మళ్ళీ మాడింది. చివరికి లారీలతో ఇసుక తోలించి పరిచి, చుట్టూ మోకాలెత్తు తెల్ల చెక్కలు పాతి, రోజూ ట్యాంకరుతో నీళ్ళు చల్లించడం మొదలుపెట్టారు.

ఆ ట్యాంకరు నడిపేవాడిది జగిత్యాల దగ్గర ఊరు. ముప్పై దాటినవాడు, నన్ను అక్కా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. కన్‌స్ట్రక్షన్ కంపెనీలో చేసి చేసి ఇక్కడికొచ్చాడు. "సైట్ల సిమెంటుకు నీళ్లు గొట్టిన, ఇక్కడ ఇసుకకు నీళ్లు గొడుతున్న, ఒక్క మొక్క మొలవలేదక్కా," అనేవాడు.

క్లబ్బును చూసుకునే ఆయన ఫౌజులో పెద్ద పదవి చేసి రిటైరైనవాడు, లాహోర్ వైపు మనిషి. ఆయనను సాబ్ అనేవాళ్ళం. కోపిష్టి కాదు. కానీ ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకోడు.

నన్ను తెచ్చుకున్న పెద్దాయన గుర్రాలు రెండింటిలో ఒకటి బూడిదరంగు ఆడగుర్రం. చాచా ఎన్ని గుర్రాలను చూసినా దాని కాళ్ళకు పట్టీ మాత్రం వేరే సాయీసు చేత కట్టించేవాడు కాదు. ముద్దు చేసేవాడు కూడా కాదు. పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. దాని పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసి ఊరికే ఉండేవాడు.

చాచా చూపు తగ్గుతోందని నేను పసిగట్టి అప్పటికి ఏడాది అయింది. దాణా గంపలో పోయబోయి గంప అంచు మీద పోసేవాడు. జీన్ల గదిలో మేకులను చేత్తో తడుముతూ లెక్కపెట్టుకుని జీను తీసేవాడు. ఎదురుగా ఎవరొస్తున్నా వాళ్ళు మాట్లాడేదాకా సలాం చెప్పేవాడు కాదు. తమ్ముడికీ తెలుసు. మేమిద్దరం దాని గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. చేతులు బాగానే ఉన్నాయి కదా అనుకున్నాం.

కువైట్ యుద్ధం ముగిసిన మరుసటి చలికాలం అది. సీజన్‌లో పెద్ద ఆట ఒకటి పెట్టారు. ఎవరో పెద్ద అతిథి వస్తున్నాడు. ముందురోజు ఆఫీసు నుంచి టీ బల్లల గుడ్డలు నలభై వచ్చాయి, ముందు అవి ఉతకమన్నారు. అవి ఉతికి, గంజి పెట్టి, ఆరేసేసరికి తీగలన్నీ నిండిపోయాయి. పట్టీలు ఆరేయడానికి సాయంత్రమైంది. సముద్రం మీది నుంచి తేమ దిగింది. తెల్లవారి ముట్టుకుంటే చివర ఆరేసిన నాలుగైదు పట్టీలు చల్లగా, జిగటగా ఉన్నాయి. తొమ్మిది లోపల అవి జీన్ల గదిలో ఉండాలి. ఏం చేయాలో తోచక ఇస్త్రీ పెట్టె పెట్టాను. ఆవిరి లేచింది. చేతికి వేడిగా తగిలింది. వేడిగా ఉంటే ఆరినట్టే అనుకుని గట్టిగా చుట్టేశాను. బట్టలు ఉతికి బతికినదాన్ని, ఇస్త్రీ వేడి కింద తేమ దాక్కుంటుందని నాకు తెలియకపోలేదు. ఆ పొద్దు తెలియనట్టు ఉండాలనిపించింది. అంత అలసిపోయి ఉన్నాను.

మధ్యాహ్నం చాచా పట్టీలు తీసుకున్నాడు. ఒక చుట్టను అరచేతిలో పెట్టుకుని కాసేపు ఆగాడు. నేను చూశాను, చూసి తొట్టి వైపు తిరిగాను. ఆయన వంగి ఆ చుట్టనే ఆడగుర్రం ఎడమ ముంగాలికి చుట్టడం మొదలుపెట్టాడు.

ఆట మూడున్నరకు మొదలవ్వాలి. గుర్రాలన్నీ జీన్లు వేసుకుని, పట్టీలు కట్టుకుని వరసగా నిలబడ్డాయి. అతిథి రాలేదు. ఇదిగో అదిగో అన్నారు. అందరూ సిద్ధంగానే ఉండాలి, ఎవరూ ఏదీ విప్పకూడదని సాబ్ మాట. ఎండ నేరుగా కాళ్ళ మీద పడుతోంది. తడి నూలు ఎండలో ఆరుతూ ఆరుతూ బిగుసుకుంటుంది. గంటకు పైనే నిలబెట్టారు. ఆడగుర్రం ఎడమ కాలు ఎత్తి దించడం నేను ఉతుకుబండ దగ్గర నుంచే చూశాను. ఈగలనుకున్నాను.

మొదటి గంట కొట్టాక, రెండో ఏడు నిమిషాలకు అది దిగింది. మూడు నాలుగు మలుపులు తిరిగిందో లేదో, తల ఊపుతూ నెమ్మదించింది. పైనున్న ఆటగాడు దిగి నడిపించుకుని వచ్చాడు. చాచా పట్టీ విప్పితే కాలి చుట్టూ తాడుతో కోసినట్టు గాడి పడి ఉంది. చీకటి పడేసరికి మోకాలి కింద నుంచి గిట్ట దాకా కాలు అరటి బోదెలాగా వాచింది.

మర్నాడు సాబ్ షెడ్డు దగ్గరికి వచ్చాడు. నేను మెత్తలు ఆరేస్తున్నాను, మాటలన్నీ వినబడ్డాయి. పట్టీల గురించి ఒక్క మాటే అడిగాడు. తర్వాత, "అదిగో, ఆ చివరి కొట్టం మీద నంబరు ఎంత?" అన్నాడు.

"ఆ నంబరు నాకు చూడకుండనే తెలుసు సాబ్," అన్నాడు చాచా.

"చూసి చెప్పు."

చాచా అటు తిరిగి నిలబడ్డాడు. చెప్పలేదు.

సాబ్ తేల్చి చెప్పాడు. చాచా బతాకా, అంటే అక్కడ పని చేసుకునే కార్డు, అక్టోబరులో అయిపోతుంది. ఆలోపు ఆ గుర్రం మళ్ళీ మైదానంలో దిగి ఆడితే కొత్త కార్డు చేయిస్తాడు. ఆడకపోతే ఊరికి టికెట్.

గుర్రాల డాక్టరు వచ్చి కాలు చూసి ఎండాకాలమంతా విశ్రాంతి అన్నాడు. నయమవుతుందని మాత్రం మాట ఇవ్వలేదు.

మూడు రోజులు నేను అటువైపు పోలేదు. నాలుగో రోజు కొట్టం దగ్గరికి పోయాను. చాచా గుర్రం ముందు గొంతుక్కూర్చుని పైపుతో కాలి మీద నీళ్ళు పడుతున్నాడు.

"చాచా, పట్టీలు తడి మీద చుట్టింది నేనే. ఇస్త్రీ పెట్టి పైపైన ఆరబెట్టినా," అన్నాను.

"మాలూమ్."

"తెలిసి యాల కట్టినావు?"

"ఏడు నిమిషాల ఆట, గంట కొట్టంగనే విప్పుత అనుకున్న. గంటసేపు నిలబెడతరని నాకేం ఎరుక." పైపు ఇంకో చేతికి మార్చుకున్నాడు. "ఇంకొకటుంది. వేరే పట్టీలు గావాలని అడిగితే సాబ్ వచ్చి నిలబడి చూస్తడు, నా కండ్ల సంగతి బయటపడ్తది. ఆ దినం ఆయన నా దగ్గరికి రాకుంటే చాలనుకున్న."

"నేను పోయి సాబ్‌తో చెప్తా."

"చెప్పి ఏం జేస్తవు? ఇద్దరం పోతం. కాలు ఎవరు చూస్తరు?"

"ఊరికి పోతే ఏమైతాది చాచా? హైదరాబాదులో నీ కూతురుండాది గదా, ఆ ఇంట్లో కాలు చాపుకొని కూర్చో."

"అక్కడ గుర్రం లేదు కదమ్మా," అన్నాడు.

అయినా నేను వారం తర్వాత సాబ్ దగ్గరికి పోయాను. నాకు వచ్చిన కాస్త హిందీలో తప్పు నాదని చెప్పాను. ఇస్త్రీ సంగతి కూడా చెప్పాను. ఆయన పూర్తిగా విన్నాడు. "నువ్వు తడివి ఇచ్చావు, తడివని చెప్పాల్సింది అతను. కట్టినవాడిదే బాధ్యత," అన్నాడు. "ఇక నుంచి పట్టీలు ముందు ఉతుకు, టీ గుడ్డలు తర్వాత." అంతే. నా తప్పు అక్కడికి తీరిపోయింది, చాచా తప్పు అలాగే ఉంది.

ఆ ఎండాకాలం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. రోజుకు మూడుసార్లు, సారికి ఇరవై నిమిషాలు, చల్లటి నీళ్ళు. ఒమాన్ ఎండాకాలంలో కుళాయి తిప్పితే మరిగిన నీళ్ళే వస్తాయి. అందుకని మంచు కావాలి. తమ్ముడు రోజూ పొద్దున సీబ్ చేపల మార్కెట్ నుంచి సంచిలో మంచు తెచ్చి డ్రమ్ములో వేసేవాడు. కొట్టమంతా చేపల కంపు.

"ఆ చేపలోడు అడుగుతుండక్కా, రోజూ గింత మంచు ఏం జేస్తవురా అని," అన్నాడు ఒకనాడు. "మా కాడ గుర్రం పండుకున్నది అన్న."

"వాడేమన్నాడు?"

"గుర్రాన్ని గూడ మంచుల పెట్టి అమ్ముతరా అన్నడు."

చాచా నవ్వలేదు. "అమ్మేదుంటే ముందు నిన్ను అమ్ముతం, పైపు సరిగ పట్టు," అన్నాడు.

నీళ్ళు పట్టాక కాలికి ముల్తానీ మట్టి మెత్తాలి. అది మత్రా సూక్‌లో, అంటే అక్కడి పాత బజారులో, దొరుకుతుందని నన్ను పంపించాడు. బస్సులో పోయి, ఆ సందుల్లో మన దేశం షావుకారు కొట్టు పట్టుకున్నాను. ఐదు కిలోలు కావాలన్నాను. ఆయన తూకం రాయి పట్టుకుని నా మొహం చూశాడు.

"ఐదు కిలోలా? ఎవరి పెళ్ళమ్మా, ఎంతమంది మొహాలకు?" అన్నాడు హిందీలో.

"ఒకతికే. అదీ కాలికి," అన్నాను. "గుర్రం."

ఆయన పక్క కొట్టువాడిని పిలిచి మరీ చెప్పాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత ప్రతి పదిహేను రోజులకూ పోయినప్పుడల్లా, "ఏమ్మా, పెళ్ళికూతురు ఎలా ఉంది?" అని అడిగేవాడు.

వాపు తగ్గుతున్నదీ లేనిదీ తెలియడానికి చాచా ఒక దారం పెట్టాడు. వాచిన కాలి చుట్టూ దారం చుట్టి, కొస కలిసిన చోట ముడి. బాగున్న కాలి చుట్టూ చుట్టి ఇంకో ముడి. రెండు ముళ్ళ మధ్య ఎంత దూరముంటే అంత వాపు. వారానికోసారి కొత్త ముడి వేసేవాడు. నిజానికి ఆయనకు దారం అక్కర్లేదు, వేళ్ళతో నొక్కి చూస్తేనే తెలిసిపోయేది. దారం మా కోసం. సాబ్ మాత్రం దారం కాదు, కాగితం అడిగాడు. ఏ పూట నీళ్ళు పట్టారు, ఎన్ని నిమిషాలు పట్టారు, అంతా అంకెల్లో రాసి కొట్టం తలుపుకు తగిలించాలి. తమ్ముడు రాసేవాడు. అతనికి ట్యాంకరు డ్యూటీ వేరే చోట పడ్డ రోజు రాసేవాళ్ళు లేరు. చాచాకు కాగితం మీద గీత కనబడదు. నాకు అంకె తెలియదు.

అలా నేర్చుకోవాల్సి వచ్చింది. నాకప్పటికి నలభై దాటాయి. నేను పైపు పట్టుకుని కూర్చుంటే తమ్ముడు తడి ఇసుకలో పుల్లతో రాసేవాడు. మొదట అంకెలు. అంకెలు వచ్చాక, ఇరవై నిమిషాలు ఊరికే కూర్చోవడం ఎందుకని తెలుగు అక్షరాలు. నేను పక్కనే దిద్దేదాన్ని. నీళ్ళు పారి చెరిగిపోయేవి, మళ్ళీ దిద్దేదాన్ని. చాచా అక్షరాలు చూడలేడు కాబట్టి నా పుల్ల కదిలే చప్పుడు వింటూ, "ఇయ్యాల ఎన్ని అయినై?" అని అడిగేవాడు. అంతకు మించి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా. నా చేతులు నీళ్ళల్లో నాని నాని పగిలిపోయి ఉండేవి. పుల్ల పట్టుకుంటే నొప్పి. నిద్ర లేస్తే కాలు, పడుకుంటే కాలు. మధ్యలో ప్యాంట్లు, మెత్తలు, పట్టీలు ఎప్పటివి అప్పుడు ఉతకాల్సిందే.

ఆగస్టులో ముళ్ళు దాదాపు కలిశాయి. రోజూ పొద్దున దాన్ని బయటికి తెచ్చి నడిపించేవాడు చాచా. ఒకరోజు ఎక్కడో లారీ హారన్ మోగింది. ఆడగుర్రం ముందుకాళ్ళు రెండూ లేపి దబ్బున దించింది. సాయంత్రానికి కాలు మళ్ళీ వాచింది. దారం తీసి చుడితే ముడి ఏప్రిల్ నెలలో ఉన్న చోటికి పోయింది. చాచా దారం నా చేతికిచ్చి కొట్టంలో గడ్డి మీద కూర్చున్నాడు. టీ తెచ్చి పెట్టాను, చల్లారిపోయింది.

"ఇంగ కాదేమో చాచా," అన్నాను. అనకూడని మాట, కానీ నాకు ఓపిక లేదు.

"డ్రమ్ముల మంచుందా?" అని మాత్రం అడిగాడు.

ఉందన్నాను. లేచి పైపు తీసుకున్నాడు. మళ్ళీ మొదటి నుంచి.

సెప్టెంబరు చివర డాక్టరు వచ్చాడు. ఆఫీసు ముందున్న గట్టి నేల మీద గుర్రాన్ని దుడుకు నడక నడిపించమన్నాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. వంగి కాలు పట్టుకుని నొక్కి చూశాడు. సరేనన్నాడు. రెండు వారాలు నెమ్మదిగా ఇసుకలో తిప్పాక, అక్టోబరులో ఒక సాయంత్రం ప్రాక్టీసు ఆటలో దింపారు. ఏడు నిమిషాలే. నేను పని వదిలేసి తెల్ల చెక్కల దగ్గర నిలబడ్డాను. బంతి ఎటు పోయిందో, ఎవరు కొట్టారో నాకు తెలియదు. ఎడమ ముంగాలు ఒక్కటే చూశాను. ఇసుకలో పడింది, లేచింది, పడింది, లేచింది. గంట కొట్టాక అది తిన్నగా నడిచి వచ్చింది. చాచా వంగి పట్టీ విప్పి, అరచేతితో కాలు పై నుంచి కింది దాకా తడిమాడు. సాబ్ దగ్గరికి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "కాగితాలు తెచ్చివ్వు, బతాకాకు పంపిద్దాం," అన్నాడు.

నేను ఆ రాత్రి ఎనిమిది నెలల తర్వాత ఒళ్ళెరగకుండా నిద్రపోయాను.

మర్నాడు తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు. "చాచా కాగితాలు ఇయ్యలేదంటక్కా. టికెట్ తీయుమన్నడంట," అన్నాడు.

నేను తడి చేతులతోనే పోయాను. చాచా జీన్ల గదిలో తోలు పగ్గాలకు నూనె రాస్తున్నాడు.

"ఏంది చాచా ఇది? ఇంత చేసింది దేనికి మరి?"

"గుర్రానికి చేసినం. అయింది."

"సాబ్ ఉండమన్నాడు గదా."

"సాబ్ అన్నడు. ఆయన మాట మీద నిలబడే మనిషి." నూనె గుడ్డ పక్కన పెట్టాడు. "కూసో. పోయిన వారం ప్రాక్టీసు దినం ఏమయిందో నీకు తెల్వదు. ఒక గుర్రం విడిపించుకుని నా మీదికే ఉరికింది. నాకు కనబడలే. చప్పుడు ఇన్న, ఎటుదిక్కో తెల్వలే. నెల కింద వచ్చిన ఆ కొత్త సాయీసు చెయ్యి పట్టి గుంజిండు. అది నా మీద పడితే నేను పోత, ఫికర్ లేదు. దాని కాలిరిగితే?"

నేను ఆ నూనె గుడ్డ మడిచి పెట్టాను.

"ఎనిమిది నెలలు ఒక్క కాలు చూసిన. చేత్తో చూసిన. మిగతా గుర్రాలను ఎవరు చూసిన్రు? నేను చూసిన అనుకుంటున్నడు సాబ్. నేను చూడలే." నూనె డబ్బా మూత పెట్టి, "అలసిపోయిన బేటీ," అన్నాడు. ఆయన నన్ను అలా పిలవడం అదే మొదలు.

"సాబ్ మొదటే పొమ్మని ఉంటే పోయేదే గదా, ఈ ఎనిమిది నెలలు తప్పేవి," అన్నాను. నాకు కోపంగా ఉంది. చేతుల పగుళ్ళు మండుతున్నాయి.

"అప్పుడు పోతే గుర్రాన్ని చెడగొట్టి పోయినట్టుండె. ఇప్పుడు వేరే," అన్నాడు, మళ్ళీ పగ్గాలు అందుకుంటూ.

టికెట్ రావడానికి పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజులూ కొత్త సాయీసును పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అతను ముల్తాన్ వైపు వాడు, పని వచ్చినవాడే. అయినా పట్టీ కట్టే ముందు ప్రతిసారీ దాన్ని చెంపకు ఆనించి చూసుకోమనేవాడు. చెయ్యి అబద్ధం చెబుతుంది, చెంప చెప్పదు అనేవాడు. కొత్తవాడు మొదట సిగ్గుపడ్డాడు. తర్వాత అలవాటయింది. అది చూసి నేను కూడా పట్టీలు చుట్టే ముందు చెంపకు ఆనించుకోవడం మొదలుపెట్టాను.

పోయే రోజు మధ్యాహ్నం తమ్ముడు క్లబ్బు పికప్ తెచ్చాడు, ఎయిర్‌పోర్టుకు అతనే దింపాలి. చాచా సామాను ఒక బ్యాగు, ఒక అట్టపెట్టె. సాబ్ వచ్చి చేతులు కలిపి పోయాడు. మైదానంలో ప్రాక్టీసు నడుస్తోంది, ఇసుక దుమ్ము గేటు దాకా వస్తోంది. ఆడగుర్రం అందులోనే ఉంది.

చాచా బండెక్కి కూర్చున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి, "గుర్రాన్ని చూసి పోవా చాచా? గంట కొట్టేదాకా ఆగితే తోలుకొస్తారు," అన్నాను.

"పొద్దుగాల చూసిన," అన్నాడు. "ఇప్పుడు అది డ్యూటీల ఉంది. నక్కో పిలువు."

తమ్ముడు బండి తీశాడు. గంట ఇంకా కొట్టలేదు.